ముందు నిండాలి కదా

ఎకో పరీక్షలో మాకు అడ్డొచ్చేది గాలి. శబ్ద తరంగం నెత్తుట్లోంచీ కండలోంచీ సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో ఇట్టే దూసుకుపోతుంది. గాలి ఎదురైందంటే మాత్రం అక్కడే వెనుదిరుగుతుంది. చర్మానికీ, తరంగాలు పంపే ప్రోబ్‌కీ మధ్య వెంట్రుకవాసి గాలి మిగిలినా తెర మీద బొమ్మ పడదు. అందుకే ఆ జెల్లీ. "అబ్బా, చల్లగా ఉందండీ" అనని మనిషిని నేను చూడలేదు. చలికాలం పొద్దుటిపూట జెల్లీ సీసాని కాసేపు వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి తీస్తాను. ముసలివాళ్ళు ఒక్కసారిగా బిగుసుకుపోతే నాకూ పని సాగదు.

నేను రాజమండ్రిలో ఒక గుండె ఆస్పత్రిలో ఎకో టెక్నీషియన్ని. బొమ్మలు పట్టడం, కొలతలు తీయడం నా పని. వాటిని చూసి తీర్పు చెప్పి సంతకం పెట్టేది డాక్టరుగారు. ఆడమనిషిని కావడం వల్ల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు నా గదిలోకి రాగానే ఊపిరి పీల్చుకుంటారు. గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు ఉంటుంది. గుండె చూసే గదిలో ఇదెందుకని చాలామంది నవ్వుతారు. అల్ట్రాసౌండ్ మిషన్ ఏ గదిలో ఉన్నా లింగ నిర్ధారణ వద్దన్న 1994 నాటి చట్టం దానికీ వర్తిస్తుంది మరి.

గుండె ఎక్కడుందో చూపించమంటే అందరూ ఎడమ రొమ్ము మీద చెయ్యి వేస్తారు. అసలుకి అది ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక వెనకాల ఉంటుంది. మూడింట రెండొంతులు ఎడమకి ఒరిగి, మొన కిందకీ ముందుకీ తిరిగి ఉంటుంది. ఎవరి గుప్పిలి వాళ్ళ గుండెకి కొలత అంటారు. పెద్దవాళ్ళలో బరువు మూడు వందల గ్రాములు, అటూ ఇటూగా. దాని రెండు పక్కలా గాలి నిండిన ఊపిరితిత్తులు, ముందు పక్కటెముకలు. ఎముక కూడా తరంగాన్ని పోనివ్వదు. కాబట్టి మాకు దక్కేవి నాలుగే నాలుగు సందులు: రొమ్ము ఎముక ఎడమ అంచున పక్కటెముకల మధ్య, మొన కొట్టుకునే చోట, పొట్ట పైభాగాన, గొంతు కింద గుంటలో. "ఎడమ పక్కకి తిరగండి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకోండి, ఊపిరి వదిలి ఆపండి" అని రోజంతా అనేది ఇందుకే. అలా తిరిగితే గుండె ఛాతీ గోడకి దగ్గరవుతుంది, ఊపిరితిత్తి కాస్త పక్కకి తప్పుకుంటుంది. ఏళ్ళ తరబడి చుట్టలు కాల్చినవాళ్ళ ఊపిరితిత్తులు ఉబ్బి గుండెని కప్పేస్తాయి. వాళ్ళకి పొట్ట మీద నుంచే చూడాలి. ఒకాయనకి ఎడమవైపు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. కుడివైపు పెడితే పుష్కలంగా కనిపించింది. పుట్టుకతోనే కాలేయంతో సహా అన్నీ అటుదిటుగా ఉన్న మనిషి. యాభై ఏళ్ళు హాయిగా వ్యవసాయం చేసుకున్నాడు, ఆయనకే తెలీదు.

కొత్తగా చేరినవాళ్ళకి తెర అలవాటు కావడానికి నెలలు పడుతుంది. మొన దగ్గర ప్రోబ్ పెట్టి చూస్తే గుండె తలకిందులుగా కనిపిస్తుంది. మొన పైన, కర్ణికలు కింద. ఎడమ గదులు తెరకి కుడివైపున. పుస్తకంలో నాలుగు గదులూ ఎదురెదురుగా చక్కగా గీసి ఉంటాయి గానీ మనిషిలో అలా ఉండవు. కుడి జఠరిక ముందుకొచ్చి రొమ్ము ఎముక వెనకాలే ఉంటుంది. ఎడమ కర్ణిక అన్నిటికన్నా వెనక్కి, అన్నవాహికకి ఆనుకుని ఉంటుంది. కుడి జఠరిక గోడ మందం అయిదు మిల్లీమీటర్లు దాటదు. దాని పని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా పంపడమే. ఎడమ జఠరిక ఒళ్ళంతటికీ పంపాలి కనక దాని గోడ దాదాపు రెండింతలు.

ఇక జెల్లీ తుడుచుకోకముందే వచ్చే ప్రశ్న. "పంపింగ్ ఎంతుందండీ?" మంచం మీది మనిషి అడక్కపోతే కర్టెన్ అవతలి నుంచి కొడుకు అడుగుతాడు. అరవై అని చెబితే మొహం వాడిపోతుంది. "అంటే నలభై పోయినట్టేనాండీ?" ఇది మార్కుల లెక్క కాదు నాయనా అని చెప్పుకుంటూ రావాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎడమ జఠరికలో సుమారు 120 మిల్లీలీటర్ల నెత్తురు నిండుతుందనుకుందాం. ఒక్కసారి ముడుచుకుంటే 70 బయటికి పోతుంది, 50 అక్కడే ఉంటుంది. 70ని 120తో భాగిస్తే 58 శాతం. ఆరోగ్యమైన గుండెకి 55 నుంచి 70 మధ్యలో ఎంతున్నా మంచిదే. పూర్తిగా ఖాళీ అయ్యే గుండె లోకంలో లేదు. నిమిషానికి డెబ్భైసార్లు కొట్టుకుంటే అయిదు లీటర్లు, అంటే ఒంట్లో ఉన్న నెత్తురంతా ఇంచుమించు నిమిషానికోసారి చుట్టి వస్తుందన్నమాట.

ఈ అంకె గురించి నాకో పేచీ ఉంది. అరవై శాతం అంటే దేనిలో అరవై శాతం? గది మొండికేసి 80 మిల్లీలీటర్లే పట్టనిచ్చిందనుకోండి, అందులో 60 శాతం 48. శాతం చూస్తే భేషుగ్గా ఉంటుంది, మనిషి మెట్లెక్కలేడు. గుండె ఎంత తోస్తోందని అడుగుతారు గానీ, తోయడానికి ముందు ఎంత నిండుతోందని నా అనుభవంలో ఒక్కరూ అడగలేదు.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో చుట్టుకి పట్టేది 0.8 సెకను. అందులో ముడుచుకునేది 0.3 సెకను. మిగతా అర సెకనూ సడలడానికీ నిండడానికీ. పని చేసే సమయం కన్నా ఇదే ఎక్కువ, దీన్ని విశ్రాంతి అనుకుంటారు. కాదు. కండ ముడుచుకోవాలంటే కణాల్లోకి కాల్షియం రావాలి, సడలాలంటే ఆ కాల్షియాన్ని మళ్ళీ దాని అరల్లోకి తోడి పోయాలి. ఆ తోడడానికి శక్తి ఖర్చవుతుంది. అందుకే గుండె కండకి నెత్తురు తగ్గినప్పుడు ముందు దెబ్బతినేది సడలడం, ఆ తర్వాతే ముడుచుకోవడం. ఇంకో సంగతి. ఎడమ జఠరిక బిగుసుకున్నప్పుడు తన కండలోని రక్తనాళాలని తానే నొక్కేస్తుంది. కాబట్టి అది తన వాటా నెత్తురు తెచ్చుకునేదీ ముఖ్యంగా సడలిన వేళే. గుండె వేగం పెరిగితే కోత పడేది ఈ అర సెకనుకే. నిమిషానికి 120 కొట్టుకుంటే చుట్టు మొత్తం అర సెకనే, నిండడానికి మిగిలేది పావు సెకను.

తెర మీద ఈ నిండడాన్ని నేను రెండు శిఖరాలుగా చూస్తాను. ఎడమ కర్ణికకీ జఠరికకీ మధ్య ఉన్న మైట్రల్ కవాటం దగ్గర, నెత్తురు కదిలే వేగాన్ని కొలిచే డాప్లర్ పెడితే, జఠరిక సడలి లాగేసుకునేటప్పుడు వచ్చే పెద్ద అల ఒకటి, చివర్లో కర్ణిక ముడుచుకుని మిగిలింది తోసే చిన్న అల ఒకటి. మొదటిదాన్ని 'ఈ' అనీ రెండోదాన్ని 'ఏ' అనీ పిలుస్తాం. కుర్రవాళ్ళలో 'ఈ' నిక్కి నిలబడుతుంది. వయసు పెరిగేకొద్దీ కండ బిరుసెక్కి 'ఈ' కుంగి 'ఏ' లేస్తుంది. కర్ణిక గతి తప్పి ఊరికే అదిరే రోగంలో 'ఏ' అసలే మాయమవుతుంది. నిండే నెత్తుట్లో అయిదోవంతో, బిరుసెక్కిన గుండెలో అంతకన్నా ఎక్కువో దానితో పాటే పోతుంది.

కోరుకొండ వైపు నుంచి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళ బీపీ, ఇరవై ఏళ్ళ షుగరు. రాత్రి రెండు దిళ్ళు వేసుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు, గుడి మెట్లు సగంలో ఆగిపోతున్నారు. అంతకుముందు వేరేచోట తీయించిన రిపోర్టు కొడుకు చేతిలో ఉంది. పంపింగ్ 65. "నార్మలే కదండీ, నాన్నగారికి భయం ఎక్కువ, అంతే" అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు, ఊపిరి అందక అనలేకపోయారు. నేను చూసినా 65 శాతమే వచ్చింది. కానీ జఠరిక గోడ 14 మిల్లీమీటర్లు మందమెక్కింది, మామూలుగా 10 దాటకూడదు. ఎడమ కర్ణిక ఉబ్బి ఉంది. కర్ణిక ఉబ్బిందంటే లోపలి ఒత్తిడి నిన్నా మొన్నటిది కాదని అర్థం. నెత్తురు కాకుండా కండ కదిలే వేగాన్నే కొలిచే డాప్లర్ ఒకటుంది. నడిమి గోడ దగ్గర అది సెకనుకు 7 సెంటీమీటర్లన్నా ఉండాలి, ఆయనకి 4 వచ్చింది. అంటే జఠరిక తోస్తోంది గానీ సడలనంటోంది. సడలకపోతే లోపలికి రావాల్సిన నెత్తురు కర్ణికలో ఆగుతుంది, కర్ణిక వెనక ఊపిరితిత్తుల్లో ఆగుతుంది. పడుకుంటే కాళ్ళలో ఉన్నది కూడా పైకొచ్చి చేరుతుంది. అదే ఆ రెండో దిండు.

డాక్టరుగారు నీరు పోయే మాత్ర రాశారు, బీపీ మందు మార్చారు. ఈమధ్య గుండె జబ్బుకీ వాడుతున్న ఒక షుగరు మాత్ర చేర్చారు. ఉప్పు సగానికి తగ్గించమన్నారు. "ఆవకాయ కూడానాండీ?" మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న అదే. నెల తర్వాత ఒకే దిండు మీదికి వచ్చారు. పంపింగ్ అప్పుడూ 65, ఇప్పుడూ 65. మా వాళ్ళు రిపోర్టులో ఆ అంకెని లావు అక్షరాల్లో వేయడం నాకు బొత్తిగా నచ్చదు. చెప్పి చూశాను, ఫార్మాట్ అంతే అన్నారు.

కవాటాల సంగతికొస్తే, డాక్టరు స్టెతస్కోపులో వినే లబ్ డబ్ అన్నది కండ చప్పుడు కాదు, కవాటాలు మూసుకునే చప్పుడు. లబ్ అన్నప్పుడు కర్ణికలకీ జఠరికలకీ మధ్య ఉన్న రెండూ, డబ్ అన్నప్పుడు బయటికి పోయే దార్లలో ఉన్న రెండూ మూసుకుంటాయి. మిగిలిన మూడింటికీ మూడేసి రేకలు, మైట్రల్‌కి మాత్రం రెండే. ఆ రేకల అంచులకి సన్నని తీగలు, ఆ తీగల్ని పట్టుకుని జఠరిక గోడలోంచి లేచిన రెండు కండ స్తంభాలు. జఠరిక ఎంత గట్టిగా ముడుచుకున్నా రేకలు వెనక్కి తిరగబడకుండా ఆపేవి అవే. రంగుల డాప్లర్‌లో ప్రోబ్ వైపు వచ్చే నెత్తురు ఎరుపు, దూరంగా పోయేది నీలం. మంచి రక్తం, చెడు రక్తం అనుకుని నీలం చూసి కంగారు పడేవాళ్ళున్నారు. అది దిక్కు మాత్రమే.

ఈ యంత్రం పుట్టిందే మైట్రల్ కవాటం కోసం. స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే గుండె డాక్టరు, కవాటం ఆపరేషన్‌కి పంపేముందు అది బిగుసుకుందా, కారుతోందా అన్నది తేల్చలేక సతమతమయ్యేవాడు. అదే ఊళ్ళో హెల్‌ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు తోడయ్యాడు. మాల్మో ఓడల కార్ఖానాలో లోహంలో పగుళ్ళు పట్టడానికి వాడే శబ్ద తరంగాల యంత్రాన్ని తీసుకుని ఆయన తన ఛాతీకే ఆనించి చూసుకున్నాడు. 1953 అక్టోబరులో ఇద్దరూ కలిసి కదిలే గుండెని మొదటిసారి నమోదు చేశారు. తెర మీద ఊగుతున్న ఒక గీతని ఎడ్లర్ మొదట కర్ణిక గోడ అనుకున్నాడు. అది మైట్రల్ ముందు రేక అని తర్వాత తేలింది. ఈ హెర్ట్జ్ తండ్రికి 1925 నోబెల్ వచ్చింది. ఆ తండ్రికి చిన్నాన్నో పెదనాన్నో అయ్యే హైన్రిక్ హెర్ట్జ్ పేరు మీదనే మేం ప్రోబ్ పౌనఃపున్యం లెక్కపెడతాం. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దాకా వింటుంది, నా చేతిలోది రెండు నుంచి నాలుగు మెగాహెర్ట్జ్ మీద పలుకుతుంది. ఆ ఇంటివాళ్ళ పేరు రోజూ పలుకుతూనే ఉన్నానని తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది.

ఎడ్లర్ వెతికిన, మైట్రల్ కవాటం బిగుసుకునే రోగం స్వీడన్‌లో ఇప్పుడు కొత్తగా రావడం దాదాపు లేదు. నా బల్ల మీదకి మాత్రం ఇంకా వస్తూనే ఉంది. గోకవరం అవతల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. 22 ఏళ్ళు, ఆరో నెల. పడుకుంటే దగ్గు, కూర్చుంటే తగ్గుతోంది. "కడుపుతో ఉన్నవాళ్ళకి ఆయాసం ఉండదా ఏంటండీ" అంటూనే అత్తగారు తీసుకొచ్చింది. నాడి 118. ప్రోబ్ పెట్టగానే అర్థమైంది. మైట్రల్ రేకలు రెండూ అంచుల దగ్గర అతుక్కుపోయి ఉన్నాయి. కవాటాన్ని అడ్డంగా కోసినట్టు చూస్తే చేప నోరు తెరిచినంత సందు, మేం దాన్ని చేప నోరనే అంటాం. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి, ఈమెకి 0.8. ఒకటిన్నరకి తగ్గితేనే తీవ్రమైనట్టు లెక్క.

చిన్నప్పుడు మోకాళ్ళు వాచాయా అని అడిగాను. ఒక మోకాలు తగ్గితే ఇంకోటి వాచేదని, ఆ ఏడాది బడి మానిపించారని వాళ్ళమ్మ ఫోన్లో చెప్పింది. గొంతు నొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం అది. స్ట్రెప్టోకోకస్ క్రిమి మీద ఒళ్ళు చేసే యుద్ధం కీళ్ళ మీదకీ గుండె కవాటాల మీదకీ తిరుగుతుంది. ఎక్కువగా అయిదు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకి వస్తుంది. కీళ్ళు తగ్గిపోతాయి. కవాటం మచ్చకట్టి ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా బిగుసుకుంటుంది.

ఈమె పంపింగ్ 62. అసలు కండలో దోషమే లేదు. సన్నని సందులోంచి నెత్తురు దిగాలంటే సమయం కావాలి. గర్భంతో ఒంట్లో నెత్తురు నలభై, యాభై శాతం పెరిగింది. నాడి పరుగెత్తుతుంటే దిగే సమయం కుంచించుకుపోయింది. దిగనిదంతా వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి. ఇలాంటివాళ్ళకి డాక్టర్లు మొదట ఇచ్చేది నాడిని నెమ్మదింపజేసే మాత్ర. గుండె జబ్బు మనిషికి గుండె వేగం తగ్గించడం ఏమిటని చుట్టాలు వాదిస్తారు. నిండడానికి వ్యవధి కొనిపెట్టడం అది.

సందు వైశాల్యం కట్టడానికి నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో లివ్ హాట్లే అనే డాక్టరమ్మ 1970లలో చూపించిన దారి ఇప్పటికీ నా రోజువారీ లెక్క. కర్ణికకీ జఠరికకీ మధ్య ఒత్తిడి తేడా సగానికి పడిపోవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో డాప్లర్ గీత మీద కొలుస్తాను. 220ని ఆ అంకెతో భాగిస్తే చదరపు సెంటీమీటర్లు వచ్చేస్తాయి. అంతకుముందు ఇదే తెలుసుకోవడానికి గుండెలోకి గొట్టం పంపాల్సి వచ్చేది.

మాత్రతో ఆయాసం అదుపులోకి రాలేదు. బెలూన్ వేయాలన్నారు. ముందు గొంతులోంచి గొట్టం దించి వెనక నుంచి ఎకో చేశారు. ఎడమ కర్ణిక అన్నవాహికకి ఆనుకుని ఉంటుంది కనక అక్కడి నుంచి చేతికందినంత దగ్గరగా కనిపిస్తుంది. నెత్తురు నిలవుండే ఆ కర్ణిక సంచిలో గడ్డ కట్టిందేమో చూడాలి, బెలూన్ పోతూ దాన్ని కదిపిందంటే మెదడుకి పోతుంది. గడ్డ లేదు. పొట్టకి సీసపు ఆచ్ఛాదన చుట్టారు. జపాన్‌కి చెందిన కాంజీ ఇనోవే 1980లలో తెచ్చిన పద్ధతే ఇది. తొడ సిరలోంచి గొట్టం కుడి కర్ణికకి చేరుతుంది. అక్కడి నుంచి ఎడమ కర్ణికలోకి పోవడానికి మామూలుగా దారి లేదు. కర్ణికల మధ్య గోడలో ఒకచోట పల్చని గుంట ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులతో పని ఉండదు కాబట్టి నెత్తురు సూటిగా కుడి నుంచి ఎడమకి పోయిన తలుపు అదే. పుట్టగానే మూసుకుంటుంది, నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు కూడా. ఆ పల్చని చోటే సూదితో గుచ్చి అవతలికి దాటతారు. ఆ క్షణంలో ఆమె కడుపులో ఉన్న బిడ్డకి అదే తలుపు తెరుచుకుని ఉంటుంది కదా అని నాకు పనిలోనే తట్టింది. వెంటనే పక్కన పెట్టేశాను, బెలూన్ ఉబ్బేటప్పుడు నా కళ్ళు తెర మీద ఉండాలి, కారడం మొదలైందా లేదా చెప్పాల్సింది నేనే.

అతుకులు విడిపోయాయి. 0.8 కాస్తా 1.7 అయింది. కారడం నామమాత్రం. ఆ రాత్రే వెల్లకిలా పడుకుని నిద్రపోయిందట.

కాన్పయ్యాక మూడో నెలలో పరీక్షకొచ్చింది. పాపని అత్తగారు ఎత్తుకుంది. కొలిచాను, 1.6, ఫర్వాలేదు. జెల్లీ తుడుచుకుంటూ మెల్లిగా అసలు సంగతి బయటపెట్టింది. "ఆ పెన్సిలిన్ ఇంజక్షన్ మహా నొప్పండి. ఆయాసం పోయింది కదండీ, ఇంక మానెయ్యనాండీ?"

"మానకూడదమ్మా. మళ్ళీ గొంతు నొప్పి వస్తే ఇదే కవాటం మళ్ళీ పాడవుతుంది. ఎన్నాళ్ళన్నది డాక్టరుగారు చెబుతారు. నలభై ఏళ్ళు వచ్చేదాకా అయితే తప్పదు, ఆ తర్వాత కూడా ఉండొచ్చు."

"నలభయ్యే!"

"నేను తీసుకొస్తానులెండి నెలనెలా" అంది అత్తగారు.

"నెలకి కాదు పెద్దమ్మా, 21 రోజులకి."

ఆవిడ పాపని కోడలి చేతికిచ్చి, ఫోన్లో క్యాలెండర్ తీసి నా ముందు పెట్టింది. "ఏ తారీకో మీరే గుర్తు పెట్టండమ్మా, నాకిది నొక్కడం రాదు."